వంకర అంచు

జనవరి 19, ఆదివారం

ఈరోజు ధర్మవరం పోయి, నా మొగుడి మగ్గం మీద నాలుగు వేళ్ళ మేర చీర పాడు చేసి వచ్చాను. ఇంతకన్నా సూటిగా రాయడం నాకు చేతకాదు.

పొద్దున నీళ్ళ ట్యాంకర్ వచ్చిందని చెల్లెలు ప్రమోద బిందెలు తీసుకుని బయటికి పోయింది. మా ఆయన తిరుపాల్ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. మేము నేసేది రెండు రంగుల చీర. నడుమ ఒక రంగు, అంచు ఇంకో రంగు. నడుమ పోగు లాక్కుపోయే నాడెను నేసేవాడు విసురుతాడు. అంచు నాడె పక్కన కూర్చున్న మనిషి విసరాలి. రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే అంచు నిలుస్తుంది. ఒక్క మనిషితో అయ్యే పని కాదు. పెళ్ళయిన నెల నుంచీ ఆ పక్క పీట నాదే. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చున్నాను, అక్కడే తిన్నాను, అక్కడే పోట్లాడాను.

పీట ఖాళీగా ఉంది కదా అని పోయి కూర్చున్నాను. తిరుపాల్ నా వైపు చూశాడు. నాడె విసిరాడు. నేనూ విసిరాను. కాసేపు బాగానే పోయింది. నవ్వొచ్చింది కూడా. తర్వాత చూస్తే అంచు లోపలికి వంగిపోయి ఉంది. ఫ్యాక్టరీలో గంటకు ఇన్ని పీసులని ఏళ్ళుగా మిషన్ తొక్కీ తొక్కీ నా చేతికి గుంజడం అలవాటైపోయింది. ఆయన నిదానంగా వస్తాడు, నేను ముందే గుంజేస్తాను. ఆయన చెప్పొచ్చు కదా. చెప్పడు. ఎప్పుడూ అంతే, నోట్లో ముత్యాలున్నట్టు.

ప్రమోద వచ్చింది. బిందె దించకుండానే అంచు చూసింది. నేనే లేచి పీట ఇచ్చేశాను.

నేను రైలెక్కగానే ఇద్దరూ కూర్చుని అదంతా విప్పి మళ్ళీ నేసుంటారు. నేయడం కన్నా విప్పడానికే ఎక్కువ సేపు పడుతుంది. ఆ మాత్రం నాకింకా తెలుసు.

జనవరి 20

పట్టు పోగు కోసిన గీత చూపుడు వేలి మీద ఉంది. లైన్లో కొత్తవాళ్ళకు చూపించడానికి మిషన్ కింద గుడ్డ తోసినప్పుడల్లా చురుక్కుమంటోంది.

జనవరి 26, ఆదివారం

జెండా పండగ. ఫ్యాక్టరీలో లడ్డు ఇచ్చి పంపించారు. రూముకొచ్చి పడుకుంటే నిద్ర రాలేదు.

ప్రమోదను తెచ్చి నా పీట మీద కూర్చోబెట్టింది నేనే. ఎవరి మీదా నెపం వేయడానికి లేదు. తిరుపాల్‌కు రెండు కిడ్నీలూ పాడైనప్పుడు మగ్గం మాకు తిండి పెట్టింది గాని, ఆస్పత్రి పెట్టలేదు. మగ్గం మీద పనిచేసేవాడికి ESI ఉండదు. ఫ్యాక్టరీలో టైలర్‌కు ఉంటుంది. అందుకని నేను హిందూపురం వచ్చి ఈ గార్మెంట్స్‌లో చేరాను. పోయే ముందు బత్తలపల్లి నుంచి మా చిన్నమ్మ కూతురు ప్రమోదను పిలిపించాను. దాని మొగుడు దాన్ని వదిలేసి ఎటో పోయాడు. దానికీ పని కావాలి, మగ్గానికీ అంచు మనిషి కావాలి. మగ్గం ఆగకూడదని అంత తెలివిగా ఏర్పాటు చేసి వచ్చాను. మగ్గం ఒక్కరోజు కూడా ఆగలేదు. నేను లేనట్టు కూడా దానికి తెలీదు.

ఆపరేషన్ బెంగళూరులో, ESI మీదే అయింది. మా అత్త సిద్ధమ్మ తన కిడ్నీ ఇచ్చింది. నాది సరిపోలేదన్నారు. ఆ కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా తిరుపాల్ బతికినన్నాళ్ళూ మాత్రలు మింగాలి. బయట కొంటే నా జీతంలో సగం పైనే. పోయిన సారి మందుల షాపులో ఊరికే అడిగాను, మళ్ళీ పెరిగింది. అందుకే నెలనెలా డిస్పెన్సరీలో నిలబడి తీసుకుని, ఆదివారం ధర్మవరం పోయి ఇచ్చి వస్తాను. ESI కార్డులో నా పేరు కింద ఆయన పేరు. మా ఇద్దరి పేర్లూ కలిసి ఉండేది ఇప్పుడు అక్కడే.

సాయంత్రం ఫోన్ చేశాడు. వచ్చే నెల నువ్వు అంత దూరం రావద్దులే, నేనే పెనుకొండ దాకా వస్తా, స్టేషన్లో ఇచ్చేసి పో అన్నాడు. నీకూ ఆదివారం మిగుల్తాది కదా అన్నాడు.

నాకు ఆదివారం మిగిల్చి ఏం చేసుకోమంటాడు? వంకర అంచు నేసే పెళ్ళాం మగ్గం దగ్గరికి రాకుండా చూసుకుంటున్నాడు. సరే అన్నాను. ఇంకేమంటాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

పెనుకొండ స్టేషన్. నేను హిందూపురం నుంచి, ఆయన ధర్మవరం నుంచి. ఇద్దరి రైళ్ళకూ మధ్య గంట సేపు దొరికింది. ప్లాట్‌ఫాం చివర సిమెంటు బెంచీ. మాస్కు పెట్టుకుని, కాచిన నీళ్ళ బాటిల్ పట్టుకుని వచ్చాడు. గుంపులోకి పోవద్దని డాక్టర్లు చెప్పారు కదా, అందుకని మనుషులకు దూరంగా ఆ చివర కూర్చున్నాడు. దూరం నుంచి చూస్తే ఎవరో ముసలాయన అనుకున్నాను. నలభై ఆరేళ్ళే.

బొరుగులతో ఉగ్గాని చేసుకుపోయాను. బయటి తిండి పడదని ఉప్పూ కారం తగ్గించి చేశాను. సగం తిన్నాడు. బాగుండాదని అన్నాడు. ప్రమోద కూడా ఇట్లే చేస్తాది అన్నాడు. ఆ ఒక్క మాటా అనకపోయుంటే ఈరోజు మంచి రోజని రాసుకునేదాన్ని.

మాత్రల కవరు ఇచ్చాను. జోబులో పెట్టుకోలేదు, చొక్కా లోపల పెట్టుకున్నాడు. రైలొచ్చింది, పోయాడు. నా రైలుకు ఇంకా టైముంది. చెనక్కాయలు కొనుక్కుని ఒక్కదాన్నే తిన్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

అమావాస్య. ఈరోజు ధర్మవరంలో మగ్గం ముట్టరు. తిరుపాల్ ఇంట్లో ఖాళీ. నేను మిషన్ల మధ్య. నాకు సెలవు ఆదివారం, మగ్గానికి సెలవు అమావాస్య. నేను పోయినప్పుడల్లా ఆయన గుంతలోనే ఉంటాడు, ఆయన ఖాళీగా ఉన్నప్పుడల్లా నేను ఈడ. క్యాలెండర్ తిరగేశాను. ఏప్రిల్ 27న ఆదివారమూ అమావాస్యా ఒకే రోజు పడ్డాయి. పెన్నుతో గుండ్రంగా చుట్టాను.

మార్చి 5, బుధవారం

HR శివశంకర్ సార్ పిలిచాడు. తప్పేమైనా దొరికిందేమో అనుకున్నా. కూర్చోండి కళావతి మేడం అన్నాడు. నిన్నటి దాకా కళావతమ్మనే.

ఫ్లోర్ ఇన్‌ఛార్జి పోస్టు. ఇప్పుడు సూపర్‌వైజర్‌గా నాది ఒక్క లైను, ఇక మీద ఫ్లోరంతా. ఆకుపచ్చ కోటు తీసేసి నీలం కోటు. ఈ ఫ్యాక్టరీలో టైలర్‌గా చేరి నీలం కోటు దాకా వచ్చిన ఆడమనిషి లేదట. ఏప్రిల్ ఒకటి నుంచి. ఎంత సంతోషమైందో రాయడానికి సిగ్గేస్తోంది. బాత్రూముకు పోయి అద్దంలో నా మొహం నేనే చూసుకుని నవ్వాను.

మళ్ళీ పోయి జీతం కాగితం అడిగాను. అన్నీ ఉన్నాయి. ESI గడిలో గీత. సార్ దాన్ని శుభవార్తలాగే చెప్పాడు. జీతం ఇరవై ఒక వెయ్యి దాటింది కదా మేడం, మీరింక ESI లైన్లో నిలబడే పని లేదు, కంపెనీ పాలసీ ఇస్తాం, పెద్ద ఆస్పత్రుల్లో చూపించుకోవచ్చు అన్నాడు. నెలనెలా మాత్రలు ఇస్తారా అన్నాను. అడ్మిషన్ అయితేనే అన్నాడు. మా ఆయన కిడ్నీ మార్చినాయన అన్నాను. అది కష్టమే అన్నాడు. మంచివాడే పాపం. ఇప్పటిదాకా కట్టినదాని మీద ఈ ఏడాది చివరి దాకా నడుస్తుంది, లోపల ఏదన్నా దారి చూడండి అన్నాడు. ఆ పరిమితి పెంచుతారని ఎప్పటినుంచో అంటున్నారట. అంటూనే ఉన్నారు.

ఆదివారం లోపల జవాబు చెప్తానన్నాను.

మార్చి 7

షిఫ్టు అయ్యాక బస్టాండు దగ్గర పాలసీలు రాసే నాగేష్ దగ్గరికి పోయా. రా అక్కా కూర్చో అని కూల్‌డ్రింక్ తెప్పించాడు. నా వయసు అడిగాడు, ఫోన్‌లో నొక్కాడు. నా ఒక్కదానికే ప్రీమియం పోయినేడాది కన్నా ఎక్కువైందని తనే బాధపడ్డాడు. ప్రతి రెన్యువల్‌కూ పెంచుతాండారక్కా, కట్టలేక సగం మంది మానేస్తాండారు, నా నోట్లో మట్టి పడతాండాది అన్నాడు. మా ఆయన సంగతి చెప్పాను. ఫోన్ కింద పెట్టేశాడు. కిడ్నీ మార్చినోళ్ళకు నాకు తెలిసి ఏ కంపెనీ రాదక్కా, అబద్ధం చెప్పి దుడ్లు తీసుకోలేను అన్నాడు.

కూల్‌డ్రింక్‌కు డబ్బులిస్తే తీసుకోలేదు.

మార్చి 9, ఆదివారం. పెనుకొండ స్టేషన్, ఉదయం 10:20

ఈరోజు ఆయనకు అంతా చెప్పాలి. నీలం కోటు సంగతి ముందు చెప్తా. సంతోషపడతాడు. ఆ తర్వాత రెండోది. ఏం చేద్దామని అడుగుతా. నువ్వే చెప్పు అంటాడు. ఈసారి ఒప్పుకోను, నోరు విప్పించి తీరతా. ఈ ఒక్కటీ నేనొక్కదాన్నే తేల్చుకునేది కాదు.

రైలు వస్తోంది.

అదే రోజు, సాయంత్రం

ప్రమోద దిగింది.

బావకు పని ఉండాది, చీరకు సావుకారు తొందర పెడతాండాడు, అందుకని నన్ను పంపిచ్చినాడు అంది. మొహం ఎటో పెట్టుకుని చెప్పింది. మరి నువ్వొచ్చేస్తే అంచు ఎవరు వేస్తున్నారే అన్నాను. కవరు తీసుకుని చేతిసంచిలో వేసుకుంది. నా మొగుడి ప్రాణం ప్లాస్టిక్ సంచిలో, కరివేపాకు పక్కన.

ఉగ్గాని డబ్బా తెరవకుండానే వెనక్కి తెచ్చాను. ఇంటి ఓనరు కన్నడ ముసలామెకు, అజ్జికి, పెట్టేశాను.

ఏదైనా ఉందా వాళ్ళిద్దరి మధ్య? లేదు. ఉంటే బాగుండేది, తిట్టిపోయొచ్చు. రోజంతా పక్కపక్కన కూర్చుంటారు, ఆయన నాడె వేస్తే ఆమె నాడె వేస్తుంది, మధ్యలో మాట అక్కర్లేదు. ఒకప్పుడు మేమట్లా ఉండేవాళ్ళం. ఇప్పుడు నేను నెలకోసారి మందులు తెచ్చే మనిషిని. కొరియర్.

మార్చి 10

శివశంకర్ సార్‌కు సరే అని చెప్పాను. సంతకం పెట్టాను.

ఇక్కడ నిజమే రాస్తా. మాత్రలు ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసీ పెట్టాను. డిసెంబర్ దాకా ఉంది కదా, ఏదో ఒకటి అవుతుంది అనుకున్నాను. అది కూడా సాకే. నిజానికి, నా పీట పోయింది, నా ఆదివారం పోయింది, కనీసం ఈ కోటన్నా నాది కానీ అనుకున్నాను.

మార్చి 30, ఉగాది

రూములో ఒక్కదాన్నే. వేపపువ్వు అజ్జి ఇచ్చింది. తిరుపాల్ ఫోన్ చేశాడు. గొంతు బొంగురుగా ఉంది. జలుబు అన్నాడు. కొత్త పోస్టు సంగతి నేను చెప్పలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

నీలం కోటు. భుజాల దగ్గర కొంచెం వదులు. పొద్దున ఫ్లోరంతా ఒకసారి తిరిగాను. అన్ని మిషన్లూ ఒక్కసారిగా మొదలైతే కాళ్ళ కింద నేల వణుకుతుంది. రోజూ వింటున్నదే, ఈరోజు నాకోసమే మోగినట్టుంది. నాలుగో లైన్లో కాలర్లు వంకర పోతుంటే ఆపించి, సరిచేయించి, మళ్ళీ నడిపించాను. మేనేజర్ చూసి తల ఊపాడు. నాకు ఈ పని వచ్చు. చాలా బాగా వచ్చు. ఆ మాట ఎవరితోనైనా అనుకోవాలనిపించింది.

ఏప్రిల్ 4

నా పాత లైను పుష్పావతికి ఇచ్చారు. ఆకుపచ్చ కోటు దానికి బాగుంది. ఇన్నాళ్ళూ మధ్యాహ్నం దాని డబ్బా నా డబ్బా కలిపి తినేవాళ్ళం. ఈరోజు నేను పోయేసరికి బల్ల మీద మాటలు ఆగిపోయాయి. రండి మేడం అని జరిగింది. మేడమట. నిన్నటి దాకా ఏమే కళా అనేది. రెండు ముద్దలు తిని లేచొచ్చేశాను. ఆఫీసు గదిలో ఫ్యాన్ కింద మిగతాది తిన్నాను.

సాయంత్రం అజ్జి మెట్ల మీద తల పట్టుకుని కూర్చుంది. BP మాత్ర రోజు మార్చి రోజు వేసుకుంటోందట. ఏమి మాడేది, దుడ్లు జాస్తి ఆయ్తు, రేటు పెరిగిపాయ, ఒకటి రెండు రోజులకు సర్దుకుంటా ఉండా అంది. అట్లా సర్దకూడదని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. పోయి ఒక షీటు కొనిచ్చాను.

అజ్జి మీద అరిచే అర్హత నాకుందా అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఏప్రిల్ 13, ఆదివారం

మళ్ళీ ప్రమోదే.

ఈసారి దాని చేతిలో గుడ్డ సంచి ఉంది. వచ్చీ రాగానే నా మీద గొడవకు దిగింది. ఆ గొడవంతా ఇక్కడ రాసి పెట్టుకోవాలి, ఒక్క ముక్క కూడా పోకూడదు.

అక్కా నువ్వే న్యాయం చెప్పు అంది. జనవరిలో నువ్వొచ్చి అంచు వంకర చేసి పోతివే, అది విప్పుదాం బావా అంటే బావ విప్పనీలేదు. నేను కత్తెర తీసుకుంటే చేతిలో నుంచి గుంజుకున్నాడు. ఉండనీలే, అట్లే నేసేస్తాం అన్నాడు. చీర అయినాక సావుకారు మడత విప్పి చూసి విసిరి కొట్టినాడు. ఎవురు కొంటారప్పా దీన్ని, నీ పెండ్లానికి కట్టబెట్టుకోపో అన్నాడు. చీర కూలి మొత్తం పట్టుకున్నాడు. బావ కూలి పోతే బావ ఇష్టం, నా కూలి కూడా పాయ కదక్కా. నేనేం తప్పు చేసినా?

ఎందుకు విప్పనీలేదంట అని అడిగాను. ఏమో, మీ మొగుడు పెండ్లాల సంగతి నాకేం తెలుసు అంది. ఆ చీర దండెం మీద వేసి పెట్టుకుంటాడు, ఎత్తి దాచనీడు, దాన్ని చూసినప్పుడల్లా నాకు మండుతాది, ఈరోజు నీకిచ్చి రమ్మన్నాడు, ఇంద అని సంచి ఒళ్ళో పడేసింది.

తర్వాత ఇంకోటి కూడా బయటపడింది. మార్చిలో ఆయనకు పనేమీ లేదు. జ్వరం. లేవలేక పడుకున్నాడు. అనంతపురం తీసుకుపోయి చూపించారు. అక్కకు చెప్పొద్దు, ఆడ పని మాని పరిగెత్తుకొస్తాది అని ప్రమోదతో ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు బాగైనా, గుంపులో రైలెక్కొద్దన్నారు. అందుకే మళ్ళీ ఇది వచ్చింది.

నా దగ్గరున్నంతా తీసి దాని కూలి దాని చేతిలో పెట్టాను. లెక్క చూసుకుని, ఇంత వద్దక్కా అని కొంత వెనక్కిచ్చింది. మాత్రల కవరు తీసుకుంది. ఈసారి చేతిసంచిలో వేసుకోలేదని గమనించాను. రవికెలో పెట్టుకుంది.

రైలు కదిలాక సంచి విప్పాను. వంకాయ రంగు చీర, ఆకుపచ్చ అంచు. ఎక్కడుందో వెతకాల్సిన పని లేకపోయింది. నాలుగు వేళ్ళ మేర అంచు లోపలికి వంగి, మళ్ళీ నిటారుగా పోయింది. వంగినంత మేరా నేను. మిగతా చీరంతా ప్రమోద.

మూర్ఖుడు. పది నిమిషాలు కూర్చుని మంచి చీర పాడు చేస్తే, దాన్ని దాచుకుని కూలి పోగొట్టుకుంటారా ఎవరైనా. ఇంత మాట నాతో అనడానికి నోరు రాలేదు గాని. నేనేమో పీటకు దూరం చేశాడని, నన్ను వద్దనుకున్నాడని, ఇన్ని నెలలు పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆ కోపంలోనే సంతకం పెట్టాను. స్టేషన్లో అందరూ చూస్తుండగా ఏడ్చాను. చెనక్కాయలమ్మే ఆమె వచ్చి ఎవురన్నా పోయినారా అమ్మా అని అడిగింది. లేదు, ఉండాడు అన్నాను.

ఏప్రిల్ 16, బుధవారం

శివశంకర్ సార్ దగ్గరికి పోయి, నా పాత పోస్టు నాకిచ్చేయమన్నాను. పుష్పావతిని ఏం చేయమంటారు మేడం అన్నాడు. పోనీ జీతం తగ్గించి, పని మాత్రం ఇదే చేయించుకోండి అన్నాను. నవ్వాడు. కంపెనీలో పైకి పోయేదానికి దారుంది, కిందికి దిగేదానికి కంప్యూటర్‌లో ఆప్షనే లేదన్నాడు.

ఒక్కటే దారి. రాజీనామా చేసి కొత్త టైలర్‌గా చేరడం. ఇప్పటిదాకా చేసిన సర్వీసు పోతుంది. మళ్ళీ మొదటి నుంచి. జీతం చేరినవాళ్ళకిచ్చేదే. ESI ఉంటుంది. అది పాత నంబరు మీదే నడుస్తుంది.

ఇంట్లో మాట్లాడుకుని రండి అన్నాడు. ఇల్లు అంటే ఎవరు, నేనే కదా. అక్కడే కుర్చీలో కూర్చుని ఒక నిమిషం మాట్లాడుకున్నాను. కాగితం ఇవ్వండి సార్ అన్నాను.

ఏప్రిల్ 17

భయంగా ఉంది. తప్పు చేశానేమో. పని చేయగలిగినన్నాళ్ళూ ఈ కార్డు కిందే ఉండాలి, జీతం పెరగకుండా చూసుకుంటూ. ఎదగకూడదని కోరుకునే ఉద్యోగం.

కోటు మీద ఆశ చావలేదు. అది కూడా రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

నీలం కోటు తిరిగిచ్చేశాను. నెల రోజులు కూడా వేసుకోలేదు, ఇస్త్రీ చేసి ఇచ్చాను. గేటు దగ్గర పుష్పావతి పట్టుకుంది. నీకేమైనా పిచ్చి పట్టిందా, ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడిగింది. మేడం అనలేదు. ఫ్లోరంతా ఏవేవో అనుకుంటున్నారట, దొంగతనం అంటగట్టారని ఒకరు, మేనేజర్‌తో గొడవని ఒకరు. చెప్పబోయాను. నోటి దాకా వచ్చి ఆగింది. చెప్తే జాలి పడుతుంది, సోమవారం నుంచి దాని లైన్లోనే కూర్చోవాలి. జాలి పడే సూపర్‌వైజర్ కింద పని చేయడం నా వల్ల కాదు. ఈ మధ్య కళ్ళు తిరుగుతున్నాయే, బాధ్యత మోయలేను అన్నాను.

నమ్మింది.

ఏప్రిల్ 27, ఆదివారం, అమావాస్య

ధర్మవరం. గుండ్రం చుట్టిన రోజు.

వీధిలో ఏ ఇంట్లోనూ చప్పుడు లేదు. మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది. ప్రమోద బత్తలపల్లి పోయింది. అత్త గడపలో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి, చిక్కిపోయినావే అంది. ఆమె కొడుకు నాకన్నా చిక్కిపోయాడు, అది మాత్రం కనపడదు.

తిరుపాల్ గుంత పక్కన కూర్చున్నాడు, నేను నా పీట మీద. ఇద్దరికీ చేతుల్లో పని లేదు. ఇన్నేళ్ళూ మా మాటలన్నీ నేస్తూ మాట్లాడుకున్నవే.

ఎందుకు విప్పలేదు అని అడిగేశాను. విప్పేదానికి చెయ్యి రాలేదు అన్నాడు. అంతే. ముత్యాలు రాలలేదు. నాకు చాలు.

పెద్ద పోస్టు వచ్చిందంట కదా అన్నాడు. పుష్పావతి మరిది ఇక్కడే నేస్తాడు, అతని ద్వారా విన్నాడట. కోటు ఏం రంగు అన్నాడు. నీలం అన్నాను. నీకు నప్పుతాది అన్నాడు. మొహం వెలిగిపోయింది. మాత్రల సంగతి అడుగుతాడేమో అని అబద్ధం ఒకటి సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అడగలేదు. ఆయనకు ఈ లెక్కలు తెలీవు. తెలియకూడదు. తెలిస్తే మాత్రలు మానేసే రకం.

పెద్ద పోస్టు బాగుండాదా అన్నాడు. బాగుంది అన్నాను.

ఆయన కోసం చేసిన పని ఆయనకు చెప్పుకోలేను. ఆయన నాకోసం చేసింది ఆయన చెప్పలేదు. ఒకే మగ్గానికి అటూ ఇటూ కూర్చుని ఇంత ఒంటరిగా ఉంటామని నేననుకోలేదు. అయినా లేవబుద్ధి కాలేదు. అమావాస్య కాకపోయుంటే నాడె అందుకునేదాన్ని, ఈసారి నిదానంగా.

వచ్చే నెల పెనుకొండకు నేనే వస్తా అన్నాడు. ఎండలు తగ్గినాక రా అన్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

కొత్తగా చేరేవాళ్ళ వరసలో నిలబడ్డాను. తలకు పసుపు గుడ్డ ఇచ్చారు. ఫ్యాక్టరీ కార్డుకు ఫొటో తీయాలన్నారు.

వంకాయ రంగు చీర కట్టుకుని పోయాను. ఫొటో తీసే ఆయన నవ్వి, ఏమక్కా పెండ్లికి వచ్చినట్ల వచ్చినావు, మొహం ఒక్కటే పడుతుంది దీంట్లో అన్నాడు.

వంగిన అంచు పైకొచ్చేట్టు పైట భుజం మీదికి సర్దుకున్నాను. కొంచెం కిందికి తియ్యప్పా, అంచు పడాల అన్నాను.